ప వత్తు

రేడియేషన్ మొదలుపెట్టే ముందు నర్సు మా చెల్లెలికి ఒక కాగితం ఇచ్చింది. దాని మీద వరసగా ఆరు బొమ్మలున్నాయి. ఆరూ ఒకే ఆడమనిషి ఛాతీ బొమ్మలు. మొదటిదాంట్లో ఒళ్లు తెల్లగా ఉంది, తర్వాత గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు, చివరిదాంట్లో తోలు లేచి పచ్చిపుండు. రోజూ చర్మం చూసుకుని, ఏ బొమ్మకు దగ్గరగా ఉంటే ఆ నంబరు రాసుకుని రమ్మంది. కారులో కూర్చున్నాక చెల్లెలు ఆ కాగితాన్ని మళ్లీ తీసి చూసింది.

"అక్కా, ఇందులో మన రంగు ఏదీ? నేను ఎర్రబడేదాన్నేనా అసలు?"

"నీ పెళ్లిలోనే ఎర్రబడలేదు, ఇప్పుడేం ఎర్రబడతావు" అన్నాను.

ముందు సీట్లో డ్రైవ్ చేస్తున్న మా మరిది, చెల్లెలి భర్త, పకపకా నవ్వాడు. "గది మాత్రం నిజం వదినా. ఫొటోగ్రాఫర్ సిగ్గుపడమ్మా, సిగ్గుపడమ్మా అని అర్ధగంట బతిమిలాడిండు."

ఆ నవ్వుల్లోనే తను ఆ పని నాకు అప్పగించింది. "వీపు వైపు నాకెట్టాగూ కనపడదు. క్రీము రాసేది నువ్వే గదా. నువ్వే చూసి నీ మాటల్లో రాయి. నేను నర్సుకి ఇంగ్లిష్‌లో చెప్తా. నీకు రాత ప్రాక్టీస్ కూడా అవుద్ది."

"తప్పులొస్తాయే."

"వస్తే దిద్దుతా. లెక్కల టీచర్ని, తప్పులు చూసి భయపడతానా?"

నాకు రాత వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. మాది ఒంగోలు దగ్గర. అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేది. చెల్లెలు నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. తను పుట్టాక ఇంటి దగ్గర ఎత్తుకునే మనిషి కావాలి కాబట్టి నేను బడి మానేశాను. అందుకు ఎవరినీ తప్పుపట్టను. తనకి బడి వయసు వచ్చేసరికి రోజులు కాస్త మారాయి, హాస్టల్లో సీటు దొరికింది. అక్కణ్ణించి తను ఆగలేదు. ఎమ్మెస్సీ చదివింది, పెళ్లి చేసుకుంది, మిషిగన్ వచ్చింది, ఇక్కడ నోవైలో మిడిల్ స్కూల్ పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం తెచ్చుకుంది. నా భర్త పోయాక నన్ను ఇక్కడికి రప్పించడానికి కాగితాలు పెట్టింది. ఆ ఫైలు కదలడానికి పన్నెండేళ్ల పైన పట్టింది. నేను విమానం ఎక్కేనాటికి నాకు యాభై మూడు.

వచ్చిన మొదటి చలికాలమే తను నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి పలక బదులు తెల్లబోర్డు నా ముందు పెట్టింది. "బయట మంచు. ఎక్కడికీ పోలేవు. నేర్చుకో" అంది. అక్షరాలు, గుణింతాలు నాలుగు నెలల్లో వచ్చాయి. వత్తులు మాత్రం రాలేదు. ఒక అక్షరం కింద ఇంకో అక్షరాన్ని ముక్క చేసి వేలాడదీయడం నా చేతికి లొంగలేదు. క వత్తు ఒక్కటి గుర్తుండేది, 'అక్క'లో ఉంది కాబట్టి. మిగతావన్నీ ఒకదానిలాగే ఒకటి కనిపించేవి. "రాకపోతే విడగొట్టి రాయి, నేను అర్థం చేసుకుంటా" అని తనే వెసులుబాటు ఇచ్చింది. అందువల్ల నా రాతలో నర్సు 'నరుసు' అయింది, డాక్టరు 'డాకటరు' అయ్యాడు. తను వాటిని చదివి పగలబడి నవ్వేది, తర్వాత ఎర్ర పెన్నుతో దిద్దేది.

మొత్తం ముప్పై సిట్టింగులు, ఒక శుక్రవారం మొదలయ్యాయి. శని, ఆదివారాలు తప్ప రోజూ వెళ్లాలి. తనకొచ్చిన క్యాన్సర్ మొండిరకం. ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఇది చివరి మెట్టు. మధ్యలో ఆపితే మిగిలిపోయిన చెడ్డ కణాలు తేరుకుంటాయని డాక్టరు చెప్పాడట. తను ఆ మాటను పట్టుకుంది. "ఒక్కరోజు మానకుండా ముప్పై వరసగా పడాలక్కా. నాకు ఇంకేం వద్దు" అనేది. కాలేజీలో రెండో ఏడు చదువుతున్న కూతురుంది. దాని చదువు పూర్తయ్యేదాకా ఉండాలి. తన లెక్క అంతే, ముప్పై సిట్టింగులు, తర్వాత రెండేళ్లు.

ఫిబ్రవరిలో ఒకరోజు అడుగు లోతు మంచు పడి స్కూళ్లన్నీ మూసేశారు. మా మరిది తెల్లారకముందే పార తీసుకుని డ్రైవ్‌వే అంతా శుభ్రం చేశాడు. కారు నడకకన్నా నెమ్మదిగా పోయింది. చెల్లెలు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దారంతా రోడ్డునే చూసింది. పావుగంట దారికి గంట పట్టింది. ఆ రోజు సిట్టింగు పడింది. తిరిగొచ్చాక ముగ్గురం పెసరట్లు వేసుకుని తిన్నాం, ఏదో గెలిచినట్టు.

నేను రోజుకో ముక్క రాసేదాన్ని. మూడో రోజు 'ఏమీ లేదు'. ఎనిమిదో రోజు 'వెచచగా ఉంది'. ఏమీ మారకపోతే 'నిననటి సరి' అని రాసేదాన్ని, అంటే నిన్నటిలాగే ఉందని. తను చెప్పినట్టే మా ఒంటికి ఎరుపు రాలేదు. పన్నెండో రోజుకి నేరేడు రంగు తిరిగింది. చంక కింద మసి అంటినట్టయింది. పద్నాలుగో రోజు 'కాలిన అపపడం అంచు' అని రాశాను. మర్నాడు పొద్దున కారులో తను అది చదివి కడుపు పట్టుకుంది.

"నర్సుకి అప్పడం ఎట్టా చెప్పనక్కా?"

"నీ ఇంగ్లిష్ ఎందుకు మరి?"

అప్పడం బదులు ఇక్కడి రొట్టె పేరు పెట్టి, టోర్టియా కాలినట్టుందని చెప్పిందట. నర్సు కంప్యూటర్లో అలాగే ఎక్కించుకుని, బొమ్మల నంబర్ల కన్నా మీ అక్క రాసేది మాకు బాగా తెలుస్తోందని అందట. ఆ మాట విన్న రోజున నేను వంట చేస్తూ ఊరికే నవ్వుకున్నాను. నా రాతను ఒక ఆసుపత్రిలో చదువుతున్నారు!

నాలుగో వారం సోమవారం నుంచి తను వీపు మండుతోందని అనడం మొదలుపెట్టింది. పైన కాదు, లోపల. చీమలు బారు కట్టి పోతున్నట్టు ఉందంది. మంగళవారం డాక్టరు చూసే రోజు. ఆయన వీపు చూస్తే ఏమీ లేదు. ఆపరేషన్ చేసిన వైపు నరాలు అప్పుడప్పుడు అలా అంటాయని చెప్పాడు. ఆయన తప్పు లేదు. నిజంగానే ఆ రోజు ఏమీ లేదు.

బుధవారం పందొమ్మిదో సిట్టింగు. మధ్యాహ్నం స్నానం చేసి వచ్చి కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుంది. నేను క్రీము వేలి మీదకి తీసుకుని ఆగిపోయాను. ఎడమ రెక్క ఎముక కింద అరచేయంత మేర చర్మం ఉబ్బి ఉంది. దాని మీద గుత్తిగా నీటి పొక్కులు, ఆవగింజంతవి, ఒకదాన్నొకటి ఆనుకుని. అక్కణ్ణించి చంక వైపు ఇంకో చిన్న గుత్తి. మధ్యలో చర్మం మామూలుగానే ఉంది. కాలిన తోలు అలా ఉండదు. కాలితే ఒకే పొర లేస్తుంది, ఇలా గుత్తులు కట్టి దారి పట్టదు.

అది సర్పి. నేను దాన్ని చూడటం రెండోసారి. నా పన్నెండో ఏట మా మేనమామకి నడుం పక్కన వచ్చింది. జాజురాయి అరగదీసి ఎర్రటి గంధం తీసి దాని చుట్టూ పూసేవాళ్లు. అది ఒంటి చుట్టూ పాముకుంటూ పోతుందని, తల వచ్చి తోకని ముట్టుకుంటే మనిషి దక్కడని మా అమ్మమ్మ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. వచ్చిన మనిషి వినేలా దాని పేరు ఎత్తకూడదు. పేరు వింటే పరుగెత్తుతుంది. అందుకే మా ఇంట్లో ఆ నెల్లాళ్లూ 'అది ఎట్టుంది', 'అది తగ్గిందా' అనే అన్నారు. చెల్లెలు అప్పటికి నాలుగేళ్లది. తనకి ఇదేదీ గుర్తుండే అవకాశం లేదు.

"ఏందక్కా ఆగిపోయావు? బాగా కాలిందా?" అంది తను.

"చెయ్యి చల్లగా ఉందని ఆగా" అన్నాను.

అది మూఢనమ్మకమని నాకు తెలియదా? తెలుసు. కానీ మా మేనమామ పోయాడు. దానితోనే పోయాడో, తాగుడుతో పోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పేరు నా నాలుక చివరకి వచ్చి నిలబడింది, బయటికి రాలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. అది చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. ఆసుపత్రిలో తెలిస్తే సిట్టింగులు ఆపేస్తారేమో అని భయపడ్డాను. ఇంకా పదకొండు ఉన్నాయి.

వంటింట్లోకి వచ్చి నోట్‌బుక్ తీశాక నాకు ఒక ఆలోచన వచ్చింది. నోటితో అనకూడదన్నారు గానీ రాయకూడదని ఎవరూ అనలేదు. మా అమ్మమ్మకి రాత రాదు, మా అమ్మకి రాదు. ఆ నియమం పెట్టే అవసరమే వాళ్లకి రాలేదు. నేను రాస్తాను, తను మనసులో చదువుకుంటుంది, ఇంగ్లిష్‌లో డాక్టరుకి చెబుతుంది. ఇంగ్లిష్ పేరు విన్నా ఆ జబ్బుకి తెలియదు కదా. ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నది ఇందుకేనేమో అనుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది.

వత్తు గుర్తురాలేదు. ర కింద ఏదో రావాలని తెలుసు, అది ఏ వైపు తిరుగుతుందో తెలియలేదు. విడగొట్టి రాశాను. 'వీపున సరిపి.'

గురువారం పొద్దున కారులో తను నోట్‌బుక్ తెరిచింది. నేను వెనక సీట్లో తన మొహమే చూస్తున్నాను. తను చదివింది, నుదురు చిట్లించింది, పైకే చదివింది.

"వీపున సరిపి. సరిపి ఏందక్కా?"

నేను సీటు బెల్టు సర్దుకున్నాను.

"ఓ, సరిపోయిందా? వీపు సరిపోయింది! ఇన్నాళ్లూ నిన్నటి సరి, నిన్నటి సరి అని రాసి ఇవాళ సరిపోయింది దాకా వచ్చావు. ఓత్వం మర్చిపోయి, చివర సగం మింగేశావు."

మా మరిది అద్దంలోంచి చూశాడు. "ఏంది, మంచిగయిందా వదినా?"

"బయటికి బాగానే ఉందంట. మంట లోపలే" అంది తను. "అంతేగా అక్కా?"

అప్పుడైనా చెప్పాలి. దానికి పేరు అక్కర్లేదు, పొక్కులు అంటే చాలు, 'కాదు' అన్నా చాలు. తను నవ్వుతోంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతోంది. ఇరవయ్యో సిట్టింగు దగ్గరికి కారు పోతోంది.

"ఊఁ" అన్నాను.

తను నర్సుకి ఏం చెప్పిందో నాకు తెలుసు. నేను పక్కనే ఉన్నాను. మై సిస్టర్ సేస్ మై బ్యాక్ ఈజ్ ఫైన్ అంది. ఆ మాత్రం ఇంగ్లిష్ నాకు వచ్చు.

ఆ మధ్యాహ్నం వాచకం తిరగేశాను. వత్తుల పాఠంలో 'సర్పం' అని పాము బొమ్మ వేసి ఉంది. ర కింద ప ముక్క ఎలా ఉంటుందో వేలితో దిద్దుకున్నాను, తెల్లబోర్డు మీద పది సార్లు రాసి చెరిపేశాను. తర్వాత నోట్‌బుక్‌లో తప్పు లేకుండా రాశాను. 'వీపున సర్పి. చంక దాకా వచ్చింది.' 'వచ్చింది'కి కూడా వత్తు సరిగ్గా పడింది. శుక్రవారం పొద్దున తనకి ఒంట్లో బాగాలేదు. రాత్రంతా నిద్ర లేదు. కారెక్కి కళ్లు మూసుకుంది. నోట్‌బుక్ అందించాను.

"నిన్నటి సరేనా?"

"చదువు."

"వచ్చాక చదువుతాలే అక్కా."

వచ్చాక చదవలేదు. నేను మళ్లీ అడగలేదు.

యంత్రం దగ్గర తను వెల్లకిలా పడుకుంటుంది, వాళ్లకి కనిపించేది ముందు వైపే. వీపు చూసేది నేనొక్కదాన్నే. శని, ఆదివారాల్లో ఆ గుత్తులు చంక దాటి ముందుకు వచ్చాయి, రేడియేషన్ పడిన నేరేడు రంగు చర్మం మీదకి. అక్కడవి పగిలి రసి కారాయి. సిట్టింగుల వల్ల కాలిందనే తను అనుకుంది. నర్సు ఇచ్చిన కాగితంలో చివరి బొమ్మ చూపించి, "ఇప్పటికి నా నంబరు వచ్చిందిలే" అంది.

ఆదివారం వెనక వరండాలో చలికి పగిలిన మట్టి కుండీ కనిపించింది. దాని పెంకు తీసుకుని సన్నికల్లు మీద నీళ్లు పోసి అరగదీశాను. స్పూనుడు ఎర్రటి ముద్ద వచ్చింది. అది చేతిలో పట్టుకుని తన గది గుమ్మం దాకా వెళ్లాను. వాళ్లిచ్చిన క్రీము తప్ప ఇంకేదీ ఒంటికి రాయకూడదని నర్సు మొదటి రోజే చెప్పింది. పసుపు వద్దు, నూనె వద్దు, పౌడరు కూడా వద్దు. గుమ్మంలోంచి తిరిగొచ్చి సింకులో పారబోశాను. పెద్దవాళ్లు చెప్పిన పనీ చెయ్యలేదు, డాక్టర్లు చెప్పమన్న మాటా చెప్పలేదు.

సోమవారం యంత్రం దగ్గరి అమ్మాయి చంక కింద చూసి, ఎక్కువగా కాలినట్టుంది, రేపు డాక్టరుకి చూపించమని చెప్పింది. ఆ రోజు సిట్టింగు కూడా పడింది. ఇరవై రెండు.

మంగళవారం మా చెల్లెలి కూతురు మాతో వచ్చింది. దానికి స్ప్రింగ్ బ్రేక్, కాలేజీ సెలవులు. డాక్టరు ముందు వైపు చూసి, వీపు తిప్పమన్నాడు. ఒక్క క్షణం చూశాడు. వెంటనే చేతికి గ్లవ్స్ తొడుక్కుని, తలుపు మూసి, నర్సుతో ఏదో అన్నాడు. నర్సు మమ్మల్ని బయట కూర్చున్నవాళ్ల మధ్య నుంచి కాకుండా వేరే గదిలోకి తీసుకెళ్లింది. డాక్టరు అక్కడికి వచ్చి చెప్పేదంతా ఆ పిల్ల నా పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఇది బర్న్ కాదంట. చికెన్‌పాక్స్ ఉంటది కదా, ఆ వైరస్ అంట. చిన్నప్పుడు వస్తే లోపలే స్లీప్ అయిపోయి ఉంటది. కీమోకి, రేడియేషన్‌కి బాడీ వీక్ అయితే మళ్లీ లేస్తది. అందరికీ రాదు, కొంచెంమందికే. అమ్మకి చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వచ్చిందా?"

"అమ్మవారు పోసింది" అన్నాను. "నాకు పోసిన వారానికి దానికీ పోసింది. నా చంకలోనే ఉండేది గదా."

"అంటే నీ నుంచి వచ్చిందా?"

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. వాళ్ల అమ్మ వెంటనే "అప్పట్లో ఊళ్లో అందరికీ వచ్చింది లేవే" అంది. అది అబద్ధం. ఆ సంవత్సరం మా వీధిలో ముందు నాకే వచ్చింది.

డాక్టరు ఇంకా చెబుతున్నాడు. పొక్కులు లేచిన మొదటి రెండు మూడు రోజుల్లో మాత్రలు మొదలుపెడితే ఇంత పాకేది కాదని, బహుశా సిట్టింగులు ఆపే అవసరం ఉండేది కాదని. ఇప్పుడు పచ్చి పుండ్ల మీద రేడియేషన్ ఇవ్వలేమన్నాడు. పైగా అక్కడికి వచ్చే రోగులకి అంటుకుంటే ప్రమాదం. ఎండేదాకా ఆగాలి. ఎప్పుడు మొదలైందని అడిగాడు. చెల్లెలు నన్ను చూసింది.

"మొన్న వీకెండ్ అనుకుంటా" అంది ఆయనతో, నన్నే చూస్తూ.

రెండు వారాలు ఆపారు.

ఇంటికి వచ్చాక తను పడుకోలేదు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నోట్‌బుక్ తీసింది. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తున్నాను, వంపుతున్నాను.

"అక్కా, ఇట్రా."

వెళ్లాను. శుక్రవారం చదవకుండా వదిలేసిన పేజీ మీద వేలు పెట్టింది. "ఇది చదువు."

"నువ్వు ఇప్పుడే చదివావు గదా."

"నువ్వు చదువు. నోటితో."

నేను తల అడ్డంగా ఊపాను.

"సర్పి. వీపున సర్పి" అని తనే చదివింది. పేజీ వెనక్కి తిప్పింది. "సరిపి. సర్పి!" అని నవ్వింది. మొదట నిజంగానే నవ్వింది. ఆ నవ్వుకి పక్క కదిలి నొప్పి పుట్టి, ఎడమచేత్తో పక్క నొక్కుకుంది. తర్వాత ఆ నవ్వు మొహం మీద ఉండగానే కళ్లలోంచి నీళ్లు దిగాయి.

"నీకు బుధవారమే తెలుసు."

"తెలుసు."

"నేను సరిపోయిందా అని అడిగితే ఊఁ అన్నావు."

"పేరు ఎత్తకూడదే. అమ్మమ్మ..."

"అమ్మమ్మ! అమ్మమ్మకి ఏం తెలుసక్కా? నోరు లేదా నీకు? జీవితమంతా నా మీద అరిచావు, ఆ ఒక్కరోజు నోరు పడిపోయిందా? పురుగు అను, దెయ్యం అను, నీ ఇష్టం వచ్చింది అను. ముప్పై వరసగా పడాలని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"ఆపేస్తారని భయపడ్డా."

ఆ మాటకి తను ఆగింది. ఎర్ర పెన్ను అక్కడే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. నోట్‌బుక్ మూసి నా వైపు తోసింది.

"ప వత్తు మాత్రం బాగా వచ్చింది" అని లేచి వెళ్లిపోయింది.

ఆ రెండు వారాలూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. క్రీము మా మరిది రాశాడు. ఆయనకి అంతా తెలుసు. ఒకసారి గిన్నెలు సర్దుతూ, "నాకన్న చెప్పకపోతివి వదినా" అన్నాడు. పదిహేనో రోజు పొద్దున చెల్లెలు మెట్లు దిగి వచ్చి, వీపు నా వైపు తిప్పి నిలబడి, "చూడు, ఎండాయా?" అంది. నల్లటి చెక్కులు రాలిపోతున్నాయి. "ఎండాయి. ఒక్కటి తప్ప అన్నీ రాలాయి. ఆ ఒక్కటీ రెక్క కింద ఉంది" అని గబగబా చెప్పాను, ఎక్కడ ఆగితే మళ్లీ మూగబోతానో అన్నట్టు. "సరే సరే, ఊపిరి తీసుకో" అంది.

మిగిలిన ఎనిమిదీ పూర్తయ్యాయి. చివరిరోజు నర్సులు చప్పట్లు కొట్టారు. ఫొటోలో తను నా భుజం మీద చెయ్యి వేసి ఉంటుంది.

మరుసటి చలికాలం మొదట్లో తుంటి నొప్పి అంది. మంచులో జారిందేమో అనుకున్నాం. స్కాన్‌లో ఎముకల్లో, తర్వాత కాలేయంలో కనిపించింది. మళ్లీ మందులు మొదలుపెట్టారు. అవి పని చెయ్యలేదు.

ఆ రోజుల్లో నేను ఒక ఇంగ్లిష్ వాక్యం తయారు చేసుకున్నాను. ఆ రెండు వారాలు ఆపకపోయి ఉంటే ఇది తిరిగి వచ్చేది కాదా? తెలుగులో రాసుకుని, మా మరిది చూడకుండా ఫోన్‌లో ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాను. స్నానం చేస్తూ, బట్టలు మడుస్తూ అనుకునేదాన్ని. ఇక చేసేది ఏమీ లేదని చెప్పడానికి డాక్టరు పిలిచిన రోజున అది నా నోట్లో సిద్ధంగా ఉంది.

ఆయన చెప్పవలసింది అంతా నెమ్మదిగా చెప్పాడు. మా మరిది నేల చూస్తున్నాడు. ఎవరికైనా ఏమన్నా అడగాలని ఉందా అన్నాడు డాక్టరు. మా మరిదినీ చెల్లెలినీ అడిగి, తర్వాత నా వైపు కూడా తిరిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. చెల్లెలు చక్రాల కుర్చీలోంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు. విడిపించుకోవడం కష్టం కాదు.

"నో" అన్నాను ఆయనతో. "నో క్వశ్చన్స్."

మా మరిది కారు తీసుకురావడానికి వెళ్లాడు. మేమిద్దరం అద్దాల తలుపు దగ్గర ఉన్నాం. బయట చినుకులు మంచుగా మారుతున్నాయి.

"నువ్వేం అడగబోయావో నాకు తెలుసు" అంది తను. "బాత్రూంలో బట్టీ పడితే ఇల్లంతా వినపడుద్ది."

"నీకు తెలుసుకోవాలని లేదా?"

"అడగొద్దక్కా. ఆపినందువల్ల కాదన్నాడనుకో, నిన్ను ఓదార్చడానికి అన్నాడనుకుంటావు, నమ్మవు. అవునన్నాడనుకో..." అని ఆగింది. కొంచెంసేపటి తర్వాత, "నాకు ఉన్న కాస్త టైంలో నీ మీద కోపం పెట్టుకోలేను. నాకు అన్నం పెట్టేది నువ్వు" అంది.

తర్వాత ఏడు వారాలు ఉంది. ఆ ఏడు వారాలూ నేనే స్నానం చేయించాను, నేనే క్రీము రాశాను. వీపు మీద ఆ గుత్తులున్న చోట చర్మం తెల్లగా, పలచగా మిగిలిపోయింది. అక్కడ చెయ్యి తగిలితే చివరిదాకా నొప్పి అనేది. ఆ చోటు తప్పించి రాసేదాన్ని.

తను పోయి ఇప్పటికి ఏడాది దాటింది. కూతురి చదువు ఈ వేసవితో అయిపోతుంది. డాక్టరు ఇచ్చిన కార్డు నా దగ్గరే ఉంది, ఆయన పేరు నేను చదవగలను, నంబరు నొక్కగలను. ఆ వాక్యం కూడా ఒక్క మాట పోకుండా గుర్తుంది. అడిగితే ఇప్పుడు నా చెయ్యి పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. ఇన్నాళ్లలో రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అడగలేదు.